నీళ్లు రాని కాలువ, నెట్టు రాని లాప్‌టాప్

నా చిన్నప్పుడు ఈ వైఫై బాధ లేదు, నీళ్ల బాధ ఉండేది. రెండూ ఒకటేనని మొన్నటిదాకా నాకు తెలియలేదు.

మొన్న మా మనవరాలు కాలేజీ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజు. సాయంత్రం ఐదుకు మూసేస్తారు. లాప్‌టాప్ తెరిస్తే నెట్టు లేదు. ఫోనులో చూస్తే ఆ పేజీ సగం తెరుచుకుని నిలబడిపోతా ఉంది. వైఫై డబ్బాలో పచ్చ లైట్లు మాత్రం నిక్షేపంగా వెలుగుతా ఉన్నాయి. పిల్ల డబ్బా ఆర్పి మళ్లీ వేసింది, లాప్‌టాప్ ఆర్పి మళ్లీ వేసింది, నా ఫోను నుంచి నెట్టు ఇచ్చి చూసింది. ఊహూ, ఆ మాయదారి లాప్‌టాప్ దేన్నీ పట్టుకోలేదు.

పిల్ల కళ్లలో నీళ్లు చూసేసరికి నాకు ఒళ్లు మండింది. వైఫై పెట్టినాయనకు ఫోన్ చేసి కడిగేసినా. పాపం వచ్చినాడు. "అవ్వా, నా ఫోనుకు బాగా వస్తాంది గదా, తప్పు మా కాడ లేదు" అన్నాడు. "నీ ఫోనుకు వస్తే ఎవరికి కావాల నాయనా? మా పిల్లకు రావాల" అని ఎగిరినా. నా నోటికి జడిసి, ఆ మూడు గంటల ఎండలో నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కినాడు.

ఆయన్ను చూస్తా అరుగు మీద కూర్చుంటే మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లుంటాయి. మేం కౌలుకు వేసిన మిరపతోటకూ పక్క చేనికీ ఒకటే బావి, వంతులవారీగా నీళ్లు. ఆ రోజు వంతు మాది. నారు వాడిపోతా ఉంటే కాలువలో చుక్క రాలేదు. నువ్వే మళ్లించుకున్నావని మా నాయన పక్క చేనాయన మీదికి పోయినాడు. కొట్టుకునేదాకా వచ్చింది. పెద్దమ్మ మాత్రం వాడిన మడి కాడ నుంచి కాలువ వెంబడి వెనక్కి నడిచింది. పది అడుగుల్లో మట్టికట్ట. పొద్దున ఆడుకుంటా నేను కట్టిందే. నీళ్లన్నీ బీడులోకి పోతా ఉన్నాయి.

ఆమె నన్ను కొట్టలేదు. కాలితో కట్ట తన్ని, "ముందు మన చెయ్యి పడిన కాడ చూసుకోవాలమ్మీ" అంది. పోయి వాళ్లిద్దరికీ నన్నే చెప్పమంది. నీళ్లు పారినాయి గానీ నా కాళ్లు కదల్లేదు. వీపు మీద చెయ్యి పెట్టి తోసింది.

మరి ఈ పొద్దు నా చెయ్యి ఎక్కడ పడింది? అప్పుడు తట్టింది. పొద్దున ఇంట్లో ప్రార్థన చేసుకుంటా ఉంటే ఆ లాప్‌టాప్ టింగు టింగుమంటా ఉండింది. ప్రార్థనప్పుడు నా ఫోనులో విమానం బొమ్మ నొక్కుకోవడం నాకు అలవాటు, అది నొక్కితే ఎవరూ పిలవరు. లాప్‌టాప్ మీటల్లోనూ అదే బొమ్మ కనిపిస్తే నొక్కేసినా. ఆమెన్ అన్నాక ఫోనుది తీసినా, దీన్ని మరిచేపోయినా.

లోపలికి పోయి చెప్పినా. మనవరాలు ఆ మీట నొక్కితే క్షణంలో వైఫై వచ్చింది. "అవ్వా!" అని నెత్తి కొట్టుకుని, గబగబా ఆప్షన్లు పెట్టుకునింది.

నిచ్చెన కాడికి మా గడప నుంచి నాలుగడుగులే. అబ్బ, ఎంత దూరమో! పోయి, "దిగు నాయనా, తప్పు నాదే" అన్నా. మన చెయ్యి పడిన కాడ వెతకడం నాకు ఆలస్యంగానైనా గుర్తొస్తుంది. ఒప్పుకునేందుకు మాత్రం ఇప్పటికీ వెనక నుంచి పెద్దమ్మ తోయాల్సిందే.