నైరుతి మూలన బాపు తవ్విన కుంట

పూడ్చింది మీరే. వాన పడిన ప్రతిసారీ మోకాలి లోతు నీళ్ళ ఫోటోలు పెట్టి ప్రభుత్వాన్ని తిడతారు కదా... తిట్టండి, నేనూ తిడతాను. కానీ మీ ఇంటి ఆవరణలో చుక్క నీరు ఇంకే జాగా ఒక్కటైనా ఉంచారా? గేటు నుంచి గోడ దాకా సిమెంటు పోసి, వాన నీళ్ళను వీధిలోకి తరిమిందెవరు?

కోపం వచ్చిందా? రానివ్వండి. ముందు ఇది చదవండి.

మా చిన్నప్పుడు... అశోక్‌నగర్‌లో మా పెంకుటింటి వెనక, బాపు (నాన్నను అలాగే పిలిచేవాళ్ళం) గొడుగు పట్టుకుని వానలో నిలబడేవాడు. చూరు నీళ్ళు ఎటు పారుతున్నాయో, ఎక్కడ మడుగు కడుతున్నాయో చూసి అక్కడ ఇటుక ముక్క పెట్టేవాడు. ఆ వానాకాలమంతా అదే పని. చివరికి ఇటుకలన్నీ ఒకే మూలకు చేరాయి... ఇంటికి నైరుతి మూలకు.

వానలు తగ్గాక ముగ్గుపిండితో గీత గీసి, ఆదివారాలు తవ్వడం మొదలుపెట్టాడు. గుమాస్తా చేతులాయె, బొబ్బలెక్కాయి... అమ్మ వెన్న రాసేది. నేనూ తమ్ముడూ తట్టలతో మట్టి మోశాం. నడుమ లోతైన చోట నీళ్ళు నిలవాలని మా చేత బంకమట్టి తొక్కించాడు. అంచులు మాత్రం అలాగే వదిలేశాడు, నిండిన నీళ్ళు భూమిలోకి దిగాలని. చుట్టూ విరిగిన షాబాదు బండలు పేర్చాడు.

అప్పుడే నారాయణగూడ నుంచి మేనత్త వచ్చింది. బాపుకు పెద్దక్క. మా ఇంట్లో ఆమె మాటకు ఎదురులేదు. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గుంత చుట్టూ తిరిగింది.

"తమ్మీ, నైరుతిల నీళ్ళుంటే ఇంటి యజమానికి గండం. ఈశాన్యంల తవ్వుకో, ఎవలు వద్దన్నరు?"

"ఈశాన్యం మిట్ట మీదున్నదక్కా. నీళ్ళు మిట్ట ఎక్కుతయా? నువ్వే జర చెప్పి చూడు, వింటయేమో."

అమ్మ కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. అత్తమ్మ చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

వానలొచ్చాయి, కుంట నిండింది. హైదర్‌గూడలోని దోస్తు ఇంటి నుంచి బాపు తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చిన కలువ దుంప చిగురించింది. కప్పలకు ఎవరు కబురు పంపారో మరి... వచ్చేశాయి. మరుసటి ఎండాకాలం, ఏటా అడుగంటే మా పెరటి బావిలో బొక్కెన మునిగేటన్ని నీళ్ళు. వీధిలో సగం ఇళ్ళవాళ్ళు బిందెలతో మా పెరట్లోనే...

ఆ ఎండల్లోనే బాపుకు గుండెనొప్పి వచ్చింది.

దవాఖానాలో చేర్చిన మర్నాడే అత్తమ్మ వాస్తు చూసే ఒకాయనను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన దిక్సూచి అరచేతిలో పెట్టుకుని, కుంట వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. అంతే. అత్తమ్మ మా అమ్మ మెడలోని పుస్తెలతాడు చూపిస్తూ అడిగింది.

"కుంట కావాల్నా, ఇది కావాల్నా?"

ఏం చెప్పాలి ఆమె? మీరైతే ఏం చెప్తారు?

సాయంత్రానికి, పక్క గల్లీలో కూలగొట్టిన ఇంటి ఇటుక ముక్కలు, సున్నం పెళ్ళలు ట్రాలీలో వచ్చి కలువాకుల మీద పడ్డాయి.

బాపు బతికాడు. బతికించింది డాక్టర్లు, మాత్రలు. పేరు మాత్రం సున్నం పెళ్ళలకు వచ్చింది. కుంట పూడ్చినం, తమ్ముడు లేచి కూసున్నడు అని అత్తమ్మ చిక్కడపల్లి దాకా చెప్పుకుంది. ఆ మాట విని మా వీధిలో వేరేవాళ్ళూ నైరుతి మూల బావులు పూడ్చుకున్నారు...

ఆటో దిగిన బాపు ఇంట్లోకి రాకుండా నేరుగా పెరట్లోకి నడిచాడు. వెనక అమ్మ బట్టల సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"దుంపలన్న తీసినవా?" అని అడిగాడు.

లేదంది అమ్మ. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు... ఆమెకు అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

తొలకరికే నీళ్ళు ఎప్పటి మూలకు పారాయి. అక్కడ చోటు లేదు. వెనక తలుపు కింది నుంచి ఇంట్లోకి వచ్చాయి. బాపు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. అమ్మ గిన్నెతో ఎత్తి పోస్తోంది. "నన్ను ఒక్క మాటన్న తిట్టరాదు" అంది, తల ఎత్తకుండానే. బాపు మంచం దిగి ఆమె చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు. వంగొద్దని డాక్టరు చెప్పిన మనిషి, వంగి తోడడం మొదలుపెట్టాడు...

కళ్ళు తుడుచుకోవడానికి రాయడం లేదు ఇదంతా. భయపెట్టినవాళ్ళ ఇంట్లోకి ఆ రోజు చుక్క నీరు రాలేదు. అది చెప్పడానికి రాస్తున్నాను.

ఇప్పుడు ఆ జాగాలో అపార్ట్‌మెంటు. అందులోనే మాకో ఫ్లాటు. పోయిన వానలకు సెల్లారు నిండి వాచ్‌మన్ వాళ్ళ గది మునిగింది. పసిపిల్లను మెట్ల మీద పడుకోబెట్టుకున్నారు. నైరుతి పల్లంలో కొంత పార్కింగు వదులుకుంటే కుంట తవ్వవచ్చని మీటింగులో చెప్పాను.

"మీరన్నది కరెక్టే మేడమ్. గని నైరుతిల గుంత ఉన్నదంటే ఫ్లాటు ఎవడు కొంటడు?" అన్నాడు సెక్రటరీ. అందరూ తలలూపారు. చదువుకున్నవాళ్ళే అందరూ... ఒకాయన ఇంజనీరు కూడా.

అప్పుడు భయపెట్టడానికి ఒక అత్తమ్మ కావలసి వచ్చింది. కనీసం ఆమెకు తమ్ముడంటే ప్రాణం. ఇప్పుడు అత్తమ్మలు అక్కర్లేదు, రేటు చాలు.

ఈ ఆదివారం మళ్ళీ మీటింగు ఉంది. నేను అడగబోయేవి ఇవి. మీ మీ చోట్ల మీరూ అడగండి.

– పల్లం ఎక్కడుంటే అక్కడే కుంట తవ్వాలి.

– డాబా నీళ్ళ పైపు వీధిలోకి వదలడం ఆపాలి.

– ఆవరణలో కొత్తగా సిమెంటు పోయకూడదు. పోసినదాంట్లో కొంత పగలగొట్టాలి.

– మీ ఇంట్లో పూడ్చిన బావి, కుంట ఎక్కడుండేదో, ఎవరి మాట మీద పూడ్చారో కింద కామెంట్లలో రాయాలి.

– వాచ్‌మన్ కుటుంబానికి పై అంతస్తులో గది ఇవ్వాలి. వానలు రాకముందే.