స్పీకర్ వైరు పీకేసిన టీచరమ్మ

మా పాపకు నర్సరీలో చదువు చెప్పిన టీచరమ్మ పోయిన వారం కన్నుమూసింది. బాన్సువాడ మార్కెట్లో వంకాయలు ఏరుతుంటే, పాపతో కలిసి చదివిన పిల్లాడి తల్లి ఎదురై చెప్పింది. "అక్కా, నీకెర్కనా? మన టీచరమ్మ పోయిందట. రాత్రి మంచిగనే పండుకున్నది, తెల్లారి లేవలే." సంచి పక్కన పెట్టి ఇద్దరం ఉల్లిగడ్డల బస్తాల మీద కూలబడి ఏడ్చాం. దుకాణం ఆయన లేవమని అనలేదు. ఆయన మనవడు కూడా ఆమె దగ్గరే పలక పట్టాడు.

పేపర్లో ఫోటో పడేంత పేరున్న మనిషి కాదామె. అందుకే నాకు చేతనైనంతలో నేనే రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా వీధి చివర చిన్న ప్రైవేటు బడి ఉండేది. మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలంతా టీచరమ్మ చేతి కింద. ఆ రోజుల్లో బోర్డు మీద 'కంప్యూటర్ విద్య' అని రాయించకపోతే తల్లిదండ్రులు ఆ బడి వైపు చూసేవాళ్లు కాదు. బడి సారు ఎక్కడినుంచో ఒక పాత కంప్యూటర్ తెచ్చాడు. బొట్టు పెట్టాడు, అంచు కుట్టిన గుడ్డ కప్పాడు, గదికి తాళం వేశాడు. పిల్లలు కిటికీలోంచి చూసి సంతోషపడాలి, అంతే. టీచరమ్మ కొన్నాళ్లు ఓపిక పట్టి, ఒకరోజు ఆ గుడ్డ లాగి మడతపెట్టింది.

"పిల్లలు ముట్టకపోతే ఇదెందుకు సార్? దండేసి మొక్కనీకా?"

సారు నవ్వలేక నవ్వి తాళం చెవి ఇచ్చాడు. ఆఫీసు ఫోను వైరు తీసి కంప్యూటర్‌కు తగిలిస్తే ఇంటర్నెట్ వచ్చేది. అంతసేపూ బడికి ఫోను ఉండదని ఆయన గొణుగుతూనే ఉండేవాడు. టీచరమ్మకు మాత్రం కంప్యూటర్ ఎక్కడ వచ్చు? బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో కాలేజీ పిల్లల పక్కన కూర్చుని, చిన్నపిల్లల ఆటలు ఎలా తెరవాలో నేర్చుకుంది. ఆ వయసులో ఆమెకు ఆ సిగ్గు లేనందుకు మా పిల్లలు ఆమెకు రుణపడి ఉన్నారు.

ఏ పిల్లనూ ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేది కాదామె. ముగ్గురు పిల్లలు, పక్కన తను, వెనక వాళ్లలో ఒకరి తల్లి. తల్లులకు ముందే హెచ్చరిక. "నోరు మూస్కొని కూసోవాలె. జవాబులు మీరే జెప్తే ఇగ పిల్లలెందుకు?" మేమూ చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చునేవాళ్లం.

ఆటలన్నీ ఇంగ్లీషువే. లోపలినుంచి ఎవరో గడగడా మాట్లాడుతుంటే పిల్లలు బిక్కమొహం వేసేవారు. మొదటి రోజే ఆమె స్పీకర్ వైరు పీకేసింది. "పెట్టె బొమ్మ చూపిస్తది. మాట మనం పెట్టాలె." అప్పటినుంచి ఏనుగైనా కోతైనా ఆమె గొంతుతోనే అరిచేది. పక్క తరగతివాళ్లు తలుపులోంచి తొంగిచూసేవారు.

ఆ కాలంలో ఇంటర్నెట్ ఎంత నిదానమో గుర్తుందా? బొమ్మ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగేది. మనమైతే విసుక్కుంటాం. ఆమెకు అసలు ఆట అదే. "చెవులొచ్చినయి. ఎవ్వరివి?" కుందేలని ఒకరు, గాడిదని ఒకరు. "ముక్కొచ్చేదాంక ఆగుండ్రి. అన్నం గూడ ఉడికినంకనే తింటం గదా." ఒక్కోసారి ముక్కు వచ్చేలోపు కరెంటు పోయేది. అది ఏ జంతువో తేల్చే పని పిల్లలు ఇంటిదాకా మోసుకుపోయేవాళ్లు.

ఇక మా సంగతి. మాది నస్రుల్లాబాద్ వైపు తండా. ఇంట్లో మా లంబాడీ మాటే. మా ఆయనకు రైసుమిల్లులో పని దొరికి బాన్సువాడలో కిరాయికి దిగాం. పాప ఇంట్లో వాగుడుకాయ, బడి గడప దాటితే నోరు కుట్టేసినట్టు ఉండేది. దసరా పోయింది, దీపావళి పోయింది, బడిలో ఒక్క మాట లేదు. సారు నన్ను పిలిచి, "ఏమనుకోకమ్మా, పిల్లకు మాటొచ్చినంక తోల్కరా" అన్నాడు. మా అత్త తండాకు పంపేయమంది, మేకల దగ్గర తనకు తోడుంటుందని. ఐదో తరగతిలో నన్నూ ఇలాగే కొన్నాళ్లకని ఇంటికి తెచ్చారు. ఆ కొన్నాళ్లు ఎప్పటికీ తీరలేదు.

టీచరమ్మే అడ్డుపడింది. "పిల్లకు మాటున్నది సార్. మనకియ్యబుద్ధైతలేదు. ఎండకాలం సెలవుల దాంక నా దగ్గర ఉండనియ్యుండ్రి."

చలి తగ్గుతున్న రోజుల్లో తల్లి వంతు నాకొచ్చింది. ఆకలిగా ఉన్న ఎలుగుబంటికి తిండి పెట్టే ఆట. ఎలుగుబంటి నోరు తెరిచింది. పక్కన బుట్టలో గుండ్రటి బొమ్మ ఒకటి మెల్లగా దిగింది, మీద ఎర్రగా పచ్చగా ఏవో ముక్కలు.

"ఏందిది?"

"పూరీ!" అన్నాడు ఒకడు. "రోటీ!" అంది పక్కనున్న సాయిబుల పిల్ల. టీచరమ్మ నా వైపు చూసింది. నాకూ తెలియదు. "నాకు గూడ ఎర్కలేదు బిడ్డా" అని పిల్లలతో ఒప్పేసుకుంది. అది పిజ్జా అని మాకు ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది.

అప్పుడు వినిపించింది, చీమంత గొంతు. "బాటి."

మా మాటలో బాటి అంటే రొట్టె. నేను లేవబోయాను. టీచరమ్మ చూడకుండానే చెయ్యి వెనక్కి చాచి నా మోకాలు నొక్కిపట్టింది. పాప రోజూ మాట్లాడే పిల్లే అన్నట్టు మామూలుగా అడిగింది. "బాటినా? ఎట్ల జేస్తరు?"

టీచరమ్మ కుర్చీ దిగి, చీర సర్దుకుని, బండల మీద కూర్చుని, బట్టలు ఉతుకుతున్నట్టు చేతులు రుద్దసాగింది. కావాలని తప్పుగా చేసిందో, నిజంగానే రొట్టె చేయడం రాదో, ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా నవ్వేసేది. పాప కాసేపు చూసింది. తట్టుకోలేక స్టూలు దిగింది.

"గట్ల కాదు టీచర్. గిట్ల."

తెలుగులో! ఇన్నాళ్లూ ఆ మాటలన్నీ ఎక్కడ దాచుకుందో.

సారు మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. పాపను తండాకు పంపలేదు. పాప పక్కనే కూర్చుని నేనూ చదువు మళ్లీ అందుకున్నాను, ఇదిగో ఈ రాత అలా వచ్చిందే. ఆమెకు నేను ఎన్నడూ చీర పెట్టలేదు, దండం కూడా సరిగ్గా పెట్టలేదు. ఇవాళ పెడుతున్నాను.

ఎప్పుడు తలుచుకున్నా నాకు ఆమె అలాగే కనిపిస్తుంది. బండల మీద కూర్చుని రెండు చేతులూ నా బిడ్డకు అప్పగించింది. పాప ఆ పెద్ద వేళ్లను ఒక్కొక్కటే విప్పి, అరచేతిని తిప్పి, ఎలా తట్టాలో చూపిస్తోంది. వాళ్లిద్దరి తలల పైన ఎలుగుబంటి ఇంకా నోరు తెరుచుకునే ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లే లేరు.