గోడ మీద సగంలో ఆగిన మాట

మా పోస్టర్ల బాబాయిని చంపింది సినిమా హాలు లీజుదారు. కర్రలు పట్టింది అతని ఇద్దరు మనుషులు, పట్టించింది అతను. పోయిన గురువారం మ్యాట్నీ వదిలిన వేళ, నర్సీపట్నం నడిబజారులో కొట్టారు. కొట్టినవాళ్లు ఇద్దరు, చూసిన మనం వందమంది. నిన్న పొద్దున్న ఆసుపత్రిలో బాబాయి కన్నుమూశాడు. నిచ్చెన మీంచి జారిపడ్డాడని కాగితం రాయించారు. జారిపడితే వీపు మీద కర్రల వాతలు తేలతాయా?

ఆయన నాకు చుట్టం కాడు. పోస్టర్లు అంటించే మనిషిని ఊరంతా బాబాయి అనే పిలిచేది. ఆవులు పోస్టర్లు తినకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవాడు. అందుకే ఆయన వేళ్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి.

పెద్ద హీరో సినిమా అయితే పోస్టరు అంటించి వెళ్లిపోయేవాడు. పేరులేని చిన్న సినిమా వస్తే మాత్రం దాని కింద తెల్లకాగితం పట్టీ ఒకటి అతికించేవాడు. ఆట వదిలాక గేటు దగ్గర నిలబడి, "ఎలాగుందండీ? ఉన్నదున్నట్టు సెప్పండి" అని అడిగి, వాళ్లన్న మాటే నీలిరంగుతో పట్టీ మీద రాసేవాడు. "పెద్దోళ్ల సినిమాకి పేపర్లున్నాయి. దీనికి ఎవులున్నారు?" అనేవాడు. నిద్రొచ్చిందంటే అదీ రాసేవాడు. ఎస్. రాయవరం రైతొకాయన "ఫ్యాన్లు బాగా తిరిగినాయి" అంటే అదీ రాశాడు.

ఈసారి వచ్చింది జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక పిల్ల కథ. కొత్తవాళ్లు మన చుట్టుపక్కలే తీశారు. హీరో లేడు, పాటల్లేవు. కార్మికుల కరపత్రాలు చదివి పెరిగినవాణ్ణి, నాకు ఒళ్లు పులకరించింది. మొదటిరోజు కృష్ణదేవిపేట నుంచి వచ్చిన జీడి కార్మికురాలు ఒకావిడ, జీడిసొన తగిలి నల్లబడిన తన చేతులు చూపించి, "జీడి ఒలిసేదాని సేతులు అంత తెల్లగుంటాయేటి బాబూ? అబద్దం" అంది. బాబాయి రాసేశాడు.

నేను మండిపోయాను. మన పక్షాన తీసిన సినిమాని మనమే దెబ్బ తీస్తామా? ఆయన అటు తిరగగానే ఆ మాట మీద కాగితం అతికించి, "ప్రతి శ్రామికుడూ చూడవలసిన మహత్తర చిత్రం" అని రాశాను. బాబాయి చూశాడు. జిగురు చేత్తోనే నా చెంప పగలగొట్టాడు.

"ఎవుడన్నాడ్రా ఈ మాట?"

"నేనే."

"మరి ఆవిడ మాటేటి సేసినావు? జనం నోట్లో నీ మాట కూరతావేట్రా? పేపర్లోళ్లకి డబ్బులిచ్చి ఆ లీజుదారోడు సేసేదీ అదే కదా!"

నా కాగితం పీకి పారేసి, ఆవిడ మాట నా చేతే మళ్లీ రాయించాడు. చెంప మీద జిగురు ఎండి బిగిసిపోయింది. ఆ బిగువు ఇవాళ్టికీ తెలుస్తోంది.

తీరా ఆ మాటే సినిమాని నిలబెట్టింది. చేతులు నిజంగా తెల్లగున్నాయా అని చూడటానికి ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఆటోల నిండా వచ్చి దిగారు. రెండో వారం కూడా హాలు నిండింది. లీజుదారుకి అదే కడుపుమంట. శుక్రవారం నుంచి పెద్ద హీరో సినిమా వెయ్యాలి, ఆడుతున్న బొమ్మ తీసేస్తే జనం ఊరుకోరు.

"సినిమా బాలేదు, జనం రావట్లేదని రాసెయ్ ముసలోడా. బేగి!" అన్నాడు.

"ఎవులైనా అంటే రాస్తానండి" అన్నాడు బాబాయి.

ఎవరూ అనలేదు. గురువారం ఆ కృష్ణదేవిపేట ఆవిడే మళ్లీ వచ్చింది. "సేతులు తెల్లగానే ఉన్నాయి గానీ, ఆ పిల్ల" అని ఆవిడ చెబుతోంది, బాబాయి రాస్తున్నాడు. మొదటి దెబ్బ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండోది మెడ మీద. పడిపోయినవాడి వీపు మీద ఇంకా కొట్టి, జిగురు బకెట్టు తలమీద బోర్లించి నవ్వారు. ఆవిడ చెప్పు తీసుకుని మీదపడితే జుట్టు పట్టి ఈడ్చారు. నేను ఇటుక విసిరాను. ఒకడి నుదురు చిట్లింది. అది చాల్లేదు. ఇప్పటికీ చాల్లేదు.

నిన్న సాయంత్రం మిషన్ సమాధుల దొడ్డిలో పెట్టె మూత వేసేటప్పుడు కూడా ఆయన వేళ్లు నీలంగానే ఉన్నాయి.

అక్కణ్ణించి నేరుగా హాలు గోడ దగ్గరికి వెళ్లాను. పట్టీ అలాగే ఉంది. "పిల్ల" దగ్గర అక్షరం తెగి, నీలిగీత ఒకటి గోడ వెంట నేలదాకా జారింది. ఈ గొడవతో ఆగిన పెద్ద హీరో పోస్టరు కోసం లీజుదారు ఆదివారం మార్నింగ్ షోకి ముందు ఆ గోడ కడిగిస్తాడట. కుంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. మిగతా మాట నా దగ్గర పది రకాలుగా ఉంది. రాయలేదు. ఇవాళ కృష్ణదేవిపేట వెళ్లి ఆవిణ్ణే అడిగాను.

"నీకెందుకు సెప్పాల? ఆ గోడ కాడే సెప్తాను. కొట్టినోళ్లు కూడా ఇనాల" అంది.

అందుకే ఆదివారం ఉదయం పది గంటలకి హాలు గోడ దగ్గరికి రండి. కర్రలు తెమ్మని ఈ కరపత్రంలో రెండుసార్లు రాసి చెరిపేశాను. సినిమా నచ్చినవాళ్లూ, తిట్టినవాళ్లూ, నిద్రపోయినవాళ్లూ, గురువారం నిలబడి చూసినవాళ్లూ రండి. సరిగ్గా పదింటికి. ఆవిడ చెబుతుంది. "పిల్ల" పక్కన జానెడు కాగితం ఇంకా తెల్లగా ఉంది.