తోరణానికి ఇచ్చిన చెరుకు

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, నిజామాబాద్‌లో నేను పనిచేసే వర్క్‌షాపులో ఒక మోటారు విప్పి, బోల్టులను విప్పిన వరుసలోనే గుడ్డ మీద పేర్చుకుంటుంటే, పెద్దనాన్న కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు. ఊళ్లో సేద్యం పండుగ చేస్తున్నారట. బడి మైదానంలో పెట్టడానికి నాగళ్లు, గొర్రులు, ఎడ్లబండి అన్నీ దొరికాయి గాని స్వాగత తోరణానికి చెరుకు మాత్రం దొరకలేదట. ఎడపల్లి దాటిన దగ్గర్నుంచి మా ఊరి దాకా దారికి రెండు పక్కలా చెరుకే ఉన్న చోట ఇప్పుడు మిగిలింది కాలువ గట్టు కింద మా బాపు పెంచే చిన్న మడి ఒక్కటే. దాన్ని ఎలాగైనా ఇప్పించమన్నాడు. సరేనన్నాను గాని, తర్వాత మోటారు బిగిస్తుంటే ఏ బోల్టు ఎక్కడిదో తెలిసి కూడా రెండుసార్లు తప్పు ఎక్కించి మళ్లీ విప్పాను.

అసలు చెరుకు ఉన్నన్నాళ్లు మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. నా ఈడు వాళ్లు, ఆ కాలువ కింద పెరిగిన వాళ్లు, దీన్ని మరిచిపోయి ఉండరు. తోట పక్వానికి వచ్చిన రోజు నుంచి చక్కెర ఫ్యాక్టరీ వాళ్లు కోతకు అనుమతి ఇచ్చే రోజు దాకా బాపు కంచం ముందు కూర్చుని కూడా వాకిలి వైపే చూసేవాడు. ఆలస్యమైతే చెరుకు ఎండుతుంది, ఎండితే తూకం పోతుంది. అనుమతి వచ్చాక మహారాష్ట్ర నుంచి కోతవాళ్లు వచ్చి గట్టు మీద గుడిసెలు వేసుకునేవారు. మా అవ్వ వాళ్ల ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు మరాఠీలో, తను తెలుగులో, పొద్దు తెలియకుండా ముచ్చట పెట్టేది. ఎవరికి ఎంత అర్థమైందో నాకు ఇప్పటికీ తెలియదు గాని, సీజను అయిపోయి వాళ్లు బండ్లు కట్టిన రోజు అవ్వ అన్నం తినేది కాదు.

కోత నడిచినన్ని రోజులూ బాపుది ఒకటే పని. కోతవాళ్ల వెనకే నడుస్తూ, కత్తి నేలకు ఆనించి కోస్తున్నారా లేదా అని చూసేవాడు. నేలమట్టంగా తెగిన మొదలు నుంచి మట్టి లోపలి పిలక బలంగా లేస్తుంది, మళ్లీ నాటే పని లేకుండా మరుసటి ఏటి తోట అదే అవుతుంది. ఎత్తుగా వదిలితే పైనున్న కణుపుల కళ్లు మొలిచి, వేరు పట్టక, గాలికి ఒరిగిపోతాయి. తర్వాత ఫ్యాక్టరీ మూతబడింది, ఊరంతా వరికి మళ్లింది, నేను డిప్లొమా చేసి మోటార్లలో పడ్డాను. బాపు మాత్రం ఆ మడిని వదల్లేదు. బోధన్‌లో రసం బండ్ల వాళ్లకు ఇచ్చేవాడు.

ఆదివారం ఊరికి వెళ్తే, నేను నోరు విప్పకముందే అన్న విషయం చెప్పేశాడు. బాపు కస్సుమన్నాడు.

“ఇంక తీపే ఎక్కలే, గిప్పుడు కోస్తరార?”

“తోరణానికి తీపెందుకు సిన్నాయినా, నిలవడితె సాలు గదా!”

బాపు కోపంలోనే నవ్వాడు. “సరే కోసుకపోండ్రి. గని నేలకు పట్టి కొయ్యాలె. ఇది మల్ల మొలవకుంటె నా దగ్గర వేరే ఇత్తనం లేదు” అన్నాడు.

పండుగ పొద్దున నేను, బాపు మడి దగ్గరికి వెళ్లేసరికి కోత అయిపోయింది. మోకాలెత్తున మోళ్లు నిలబడి ఉన్నాయి. కోసిన పిల్లలు చెరుకు పోయాక పుట్టిన వాళ్లు, వంగితే నడుము నొస్తుందని నిలబడే నరికారు. అన్న పరుగెత్తుకొచ్చాడు.

“పోరగాండ్లకు ఏం తెలుసు సిన్నాయినా, ఆళ్లు చెరుకు కోసుడు ఎన్నడు సూసిండ్రు?”

“నువ్వు సూసినవ్ గదరా!”

అన్న మైదానానికి వెళ్లిపోయాడు. బాపు పార తెచ్చి ఒక్కో మోడును నేలకు చెక్కడం మొదలుపెట్టాడు. కత్తి దెబ్బకు కొన్ని మొదళ్లు నిలువునా చీలిపోయాయి. వాటిని వేళ్లతో తడిమి చూస్తున్నాడు. అటు మైకులో పాటలు ఆగి ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఆదర్శ రైతుకు సన్మానమని బాపు పేరు పిలిచారు, ఎక్కడున్నా వేదిక మీదికి రావాలని మళ్లీ పిలిచారు. నువ్వు పోయి శాలువా కప్పించుకొని రా బాపూ, నేను చేస్త అన్నాను.

“నువ్వు జేస్తవ్ తియ్యి. కొలిచి కొలిచి పొద్దుగూకెదాక జేస్తవ్. పిల్వనీ వాళ్లను. ఎండ ఎక్కకముందే మట్టి కప్పాలె.”

నేను ఇంకో పార తెచ్చుకున్నాను. శాలువా ఆయన బదులు అన్న కప్పించుకున్నాడని తర్వాత తెలిసింది.

ఇప్పటికి సగం మొదళ్లకు పిలకలు లేచాయి, చీలిన వాటికి రాలేదు. తవ్వి చూడొద్దని బాపు తిడుతున్నా ప్రతి ఆదివారం బండేసుకుని వెళ్లి వంగి చూసి వస్తున్నాను. దారి పొడవునా వరి పచ్చగా, ఒకే ఎత్తున ఉంటుంది, యంత్రం వచ్చి ఒక్క పూటలో కోసి వెళ్తుంది, గట్టు మీద ఎవరూ కనిపించరు. మా చిన్నప్పుడు ఊళ్లో ఎవరినీ రైతు అని మైకులో పిలవలేదు. పిలిచి ఉన్నా, అందరూ చేలల్లోనే ఉండేవారు గనుక, చప్పట్లు కొట్టడానికి ఆ మైదానంలో ఒక్కరూ దొరికేవారు కాదు.