తాడు మీద మొక్కిన మొక్కు

ఆ ఆదివారం నన్ను నిద్రపోనిచ్చి ఉంటే, చేతికందిన పెళ్ళి సంబంధం ఒకటి చేజారేదాకా వచ్చేది కాదు. ఈ మాట నేను నాలుగేళ్ళుగా చెబుతున్నాను. మా ఇంట్లో ఎవరూ వినరు. అందుకే మీకు చెబుతున్నాను. మీరైనా నా పక్షాన ఉంటారని ఆశ. అంతా విన్నాక ఉండరని కూడా నాకు తెలుసు.

నాకు కరీంనగర్‌లో టెంట్ హౌస్ ఉంది. శామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు కిరాయికిస్తాను. ముహూర్తాలు మొదలయ్యాయంటే ఊళ్ళో ఎవరి పెళ్ళయినా నిద్ర కరువయ్యేది నాకే. ఆ ఏడు సీజన్ ముగిసిన మొదటి ఆదివారం, మంచం మీద వాలితే ఒంట్లో కీళ్ళన్నీ పాత మడత కుర్చీల్లా కిర్రుమన్నాయి. సాయంత్రం దాకా లేవకూడదని తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం మా ఆవిడ సరిత వచ్చేదాకా నిలిచింది.

"ఇగో, లేస్తవా లేదా? తమ్ముడు దుబాయ్ కెళ్ళి వచ్చి ఎన్ని దినాలాయె! ఒక్క దిక్కన్న తీస్కపోయినవా?"

"దుబాయ్‌ల సూడనిది గీ కరీంనగర్‌ల ఏముంటదే? జర పండనియ్యి."

"జగిత్యాల తొవ్వల కొత్త పార్కు పెట్టిండ్లట బాపూ! తాళ్ళ మీద నడుసుడట!" అంటూ మా బిడ్డ చిన్ని నా దుప్పటి లాగేసింది.

ఇక్కడ మా బామ్మర్ది నరేష్ గురించి చెప్పాలి. సెలవు మీద వచ్చాడు. సెలవుకన్నా ముఖ్యంగా పెళ్ళి కోసం వచ్చాడు. మంథనిలో ఒక పిల్ల ఉందంటే ఫోటో పంపించాం, వాళ్ళు చూసి సరేనన్నారు. ఆ శుక్రవారమే పిల్లను చూడటానికి పోవాలి. ఆ ఫోటోలో మొహం ఎంత ఉందో జుట్టూ అంతే ఉంది. నల్లగా, ఒత్తుగా, నుదుటి మీద ఒక పాయ వాలి ఉండేది. వాడు ఆ పాయను ఊదుకుంటూ మాట్లాడేవాడు. ఈ సెలవులో సంబంధం కుదరకపోతే మళ్ళీ సెలవు దొరికేసరికి రెండేళ్ళు. అప్పటికి వయసు మీరిపోతుందని మా అత్తమ్మకు ఒకటే ఫికర్. మామ పోయినప్పటి నుంచి ఆమె మా ఇంట్లోనే ఉంటోంది.

ఇక నా జుట్టు. పెళ్ళయిన మూడో ఏటికే అది శామియానా విప్పినట్టు విప్పుకుని వెళ్ళిపోయింది. చెవుల పక్కన మేకులు మాత్రం మిగిలాయి.

పార్కు ఒక తోటలో ఉంది. పొడుగాటి స్తంభాలు, వాటి మధ్య తాళ్ళు, తాళ్ళకు ఊగే చెక్కలు, మనిషి ఎత్తుకు మూడింతల పైన. అన్నీ దాటుకుంటూ పోతే చివర ఒక మంచె. అక్కడి నుంచి తాడుకు వేలాడుతూ కిందికి జారాలి. అదొక్కటే దిగే దారి. నేను చూసి తెలివిగా, "మీరు పోండ్రి, నేను అత్తమ్మతోని కూసుంట" అన్నాను. అక్కడొక బెంచీ మీద చెట్టు నీడ పడుతోంది. అత్తమ్మ సర్వపిండి డబ్బా మూత తీస్తోంది. నా జన్మకు ఇంకేం కావాలి?

"ఊకో అక్కా, బావను పరేషాన్ చెయ్యకు. భయమైతున్నట్టున్నది" అన్నాడు నరేష్, పాయ ఊదుకుంటూ.

అయ్యా, మీరే చెప్పండి. బామ్మర్ది నోటి నుంచి, అదీ పెళ్ళాం ముందర, అత్త ముందర, ఆ మాట పడిన మగవాడు బెంచీ మీద కూచోగలడా?

"భయమా? తాళ్ళతోనే బతికేటోన్నిరా నేను! జిల్లాల నేను కట్టని టెంటు ఉన్నదా?"

కట్టింది నేనన్న మాట నిజమే. కానీ ఎక్కేది మా పనివాళ్ళు. నేను కింద నడుము మీద చేయి పెట్టుకుని "ఇంకా గుంజు, ఇంకా గుంజు" అంటాను. ఆ సంగతి ఆ క్షణంలో నాకు గుర్తుకు రాలేదు.

నడుముకూ తొడలకూ పట్టీలు బిగించారు. నెత్తిన హెల్మెట్ పెట్టారు. ఆ హెల్మెట్ వల్ల చాలా ఏళ్ళ తర్వాత నేనూ నరేషూ ఒకేలా కనిపించాం. ముందు చిన్ని, వెనక నేను, నా వెనక నరేష్. చిన్ని ఉడతలా పోయింది. నేను మొదటి చెక్క మీద కాలు పెట్టగానే అది పక్కకు తప్పుకుంది. రెండోది వెనక్కి పోయింది. ఎలా దాటానో నాకు తెలియదు, కళ్ళు మూసుకుని ఉన్నాను. చివరి మంచె మీదికి చేరేసరికి చిన్ని జారిపోయి కింద చప్పట్లు కొడుతోంది. నేను మంచె మీది స్తంభాన్ని కావలించుకున్నాను. పెళ్ళిలో మంగళసూత్రం కట్టాక సరితను కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

మంచె మీద పార్కు మనిషి ఒకామె ఉంది. నా పట్టీకి కొక్కెం తగిలించి, "అంచు మీద కూసోండ్రి సార్" అంది.

"నేను ఎనుకకు పోత."

"ఎనుకకు తొవ్వ లేదు సార్. అందరు వస్తుండ్రు."

నిజమే. నరేష్ వెనక చెక్కల మీద ఒక కుటుంబం మొత్తం ఆగి ఊగుతోంది. "ఏమాయె? ఎందుకు ఆగిండ్రు?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"సార్, కొక్కెం గట్టిగున్నది. మీరు పడుదామనుకున్నా పడరు."

"నువ్వు మంచిగనే చెప్తున్నవమ్మా. నా కాళ్ళు ఇంటలేవు."

"బావా, జర జల్ది!" అన్నాడు నరేష్. "తాళ్ళతోనే బతికేటోన్నంటివి గదా!"

కింద నుంచి సరిత, "ఇగో, అందరు నవ్వుతుండ్రు, దిగు!" అంటోంది. కిందికి చూశాను. చూడకూడదని చెప్పారు, చూశాను. తోట గిర్రున తిరిగింది. తల ఎత్తితే, దూరంగా ఎండలో కొండగట్టు ఆంజనేయుడి గుట్ట కనిపించింది.

మా వైపు మనిషికి గండం వచ్చినప్పుడు నోటికి ముందుగా వచ్చేది అంజన్న పేరే. "అంజన్నా!" అన్నాను గట్టిగా. సరే, పిలిచాను, ఏమివ్వాలి? కొబ్బరికాయ ఈ ఎత్తుకు చాలదనిపించింది. తలనీలాలు ఇస్తానందామని నోరు తెరిచాను. దేవుడికి నా తల సంగతి తెలియదా? ఉన్న మేకులు చూపించి మోసం చేస్తే కొక్కెం ఊడగొట్టడా? అప్పుడు నరేష్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. హెల్మెట్ కింద నుంచి ఆ పాయ బయటికి వచ్చి గాలికి ఊగుతోంది.

"అంజన్నా! నన్ను కిందికి దించు తండ్రీ! మా బామ్మర్ది తలనీలాలు ఇస్త!"

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారు. నేను సొమ్ము జోలికి పోలేదు, అత్త కొడుకు జుట్టు దానం చేశాను.

"ఏమంటివి బావా? నా జుట్టు నీ అయ్య జాగీరా?" అంటూ నరేష్ నా భుజం పట్టుకున్నాడు. నేను ఉలిక్కిపడి పక్కకు జరిగాను. కాలు జారింది. తర్వాత నాకు తెలిసింది నా కేక ఒక్కటే. ఆ కేకతోపాటే తోట అంతా దాటి, కింద పరుపుల మీద వెల్లకిలా పడ్డాను. ఒంటి మీద గీత కూడా పడలేదు. అదే నా కొంప ముంచింది.

కళ్ళు తెరిచేసరికి అత్తమ్మ కొండగట్టు దిక్కు తిరిగి రెండు చేతులూ జోడించి ఉంది. కళ్ళలో నీళ్ళు. "అడిగిన ఘడియకు దించినవా నాయినా! రేపే వస్తం!"

నరేష్ కూడా జారి వచ్చాడు. "అవ్వా, దేవుడు దించలే! నేను భుజం పడితే జారిండు!"

"ఆయనే నీ చెయ్యితోని దించిండు కొడుకా."

ఇంటికి పోయాక నేను ఎన్ని తీర్లు బతిమాలానో లెక్కలేదు.

"అత్తమ్మా, మూడు కత్తెరలు ఇస్తే పోదా? ఆడోళ్ళు ఇస్తరు గదా."

"మూడు కత్తెరలని మొక్కినవా? తలనీలాలని మొక్కినవు. అందరం ఇన్నం."

"పోనీ, పెండ్లయినంక ఇద్దాం."

"మొక్కు బాకీ పెట్టుకొని శుభకార్యానికి పోతరా? అంజన్న ఊకుంటడా? మొక్కేటప్పుడు ఆలోచన ఉండాలె అల్లుడా!"

సరిత నాతో మాట్లాడటం మానేసింది. కంచం మాత్రం పెట్టింది, అది కూడా చప్పుడు చేస్తూ.

మర్నాడు కొండగట్టులో మంగలి ముందు నరేష్ కూచున్నాడు. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. మొదటి కత్తి గీతకే ఆ పాయ వాడి ఒళ్ళో పడింది. వాడు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, పక్కన పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. దుబాయ్ ఎండల్లో బండి నడిపి, పెళ్ళి చేసుకుందామని ఆశగా వచ్చినవాడి పరువు నా నోటితో తీశాను. అత్తమ్మ "నువ్వు సుత కూసో" అంది నాతో. మంగలి నా నెత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈయినది ఇంతకుముందే ఎవలో చేసిండ్లు గదా" అన్నాడు.

శుక్రవారం మంథని పోయాం. పిల్ల వాళ్ళింట్లో నన్నూ నరేష్‌నూ పక్కపక్కన కూచోబెట్టారు. రెండు గుండ్లు. ఒకటి కొత్తది, ఒకటి పాతది. పిల్ల తండ్రి ఫోన్‌లో మేం పంపిన ఫోటో తెరిచాడు. ఫోటో చూశాడు, మమ్మల్ని చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. పిల్ల నాయనమ్మ కళ్ళద్దాలు సవరించుకుని, "వీళ్ళల్ల పిలగాడెవ్వలు?" అంది.

"నేనే అమ్మా" అన్నాడు నరేష్.

"మరి ఫోటోల జుట్టున్నది?" అన్నాడు తండ్రి. ఆ గొంతులో మర్యాద ఉంది గానీ నమ్మకం లేదు. ఫోటో మోసం అనుకున్నాడని మాకు అర్థమైంది. సరిత నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

నరేష్ దాచలేదు. పార్కు, మంచె, స్తంభం, మొక్కు, అంతా పూస గుచ్చినట్టు చెప్పాడు. నా కేకను కూడా వేసి చూపించాడు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు గుమ్మం దగ్గర చాయ్ పళ్ళెంతో నిలబడిన పిల్ల అడిగింది. "మరి మీరు ఒద్దనలేదా?"

"కోపమచ్చింది" అన్నాడు నరేష్. "గని మా అవ్వ మనసు కష్టపెట్టుడు నాకు చేతగాలే. ఇంకోటి, మా అక్క మొగడు సల్లగ దిగిండు. జుట్టు మల్ల వస్తది."

"అవును, వస్తది" అంటూ పిల్ల చాయ్ ఇచ్చింది. నా కప్పు ఇచ్చేటప్పుడు నా నెత్తి వైపు చూసి, నవ్వు ఆపుకుంది.

వాళ్ళు లోపలికి పోయి మాట్లాడుకున్నారు. మేం బయట కూచున్నాం. అత్తమ్మ పెదవులు అంజన్న పేరు చెబుతున్నాయి. నాకు కూడా మొక్కుదామనిపించింది, సరిత నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

చివరికి తండ్రి నవ్వుతూ బయటికి వచ్చాడు. "మా బిడ్డకు ఇష్టమే. గని ఒక్క షరతు పెట్టింది."

"ఏందన్నా అది? చెప్పుండ్రి!" అంది అత్తమ్మ కంగారుగా.

ఆయన చెప్పేలోపే లోపలి నుంచి పిల్ల గొంతు వినిపించింది. "గా అన్నయ్యను ఇగ మంచం మీదికి సుత ఎక్కనియ్యద్దు. రేపు నా జడ మొక్కుతడు!"

ఆ షరతుకు నేను అక్కడే, అందరి ముందూ తల ఊపాను. ఆ రోజు నుంచి మా టెంట్ హౌస్‌లో బల్బు పోతే చీకట్లోనే కూచుంటున్నాను, స్టూలు ఎక్కడం లేదు. ఇకమీదట ఏ గండం వచ్చినా, నా ఒంటి మీద లేనిదాన్ని ఏ దేవుడికీ ఇస్తాననను. ఇది నా ప్రమాణం. రెండు కాళ్ళూ నేలకు ఆనించి, కూచుని మరీ చేస్తున్నాను.