తుప్పు పట్టని కమ్మి

పేరేమో ఉమామహేశ్వరి. మనిషి మాత్రం నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. అంత పేరు మోసి మోసి ఎదగలేదని పెళ్ళిపందిట్లోనే ఎవరో అన్నారట. ఆ మాట ఆమే అందరికీ చెప్పి నవ్వుతుంది. మనల్ని చూసి జనం ఎలాగూ నవ్వుతారు, మనం ముందుగా నవ్వేస్తే వాళ్ళకు మిగిలేది సగమే అని ఆమె లెక్క.

కనియంబాడి దగ్గర పుట్టి, పందొమ్మిదో ఏట గుడియాత్తంలో లుంగీలు నేసే బలరామయ్య ఇంటికి పెద్ద కోడలిగా వచ్చింది. మామ దగ్గర నేత నేర్చుకుని పాతికేళ్ళు మగ్గం మీద కూర్చుంది. మొగుడు లోకనాథ్‌కు మగ్గం సరిపడలేదు. ఆరడుగుల మనిషి, కాళ్ళు మగ్గం గుంటలో ముడుచుకోలేక బస్సు డ్రైవరుగా చేరాడు. గుడియాత్తం, వేలూరు మధ్య ముప్పై ఏళ్ళు తిరిగాడు. ఆ దారిలో ఏ గుంట ఎక్కడుందో, ఏ ముసలమ్మ ఏ స్టాపులో చెయ్యి చూపుతుందో ఆయనకు కంఠతా వచ్చు.

రిటైరయ్యాక ముచ్చటపడి ఒక పాత తెల్లకారు కొన్నాడు. సరిగ్గా ఎనిమిది నెలలు నడిపాడు. అప్పుడు షుగరు కళ్ళకెక్కింది. కుడికన్ను ముప్పాతిక పోయిందని, ఎడమకన్ను నిలవాలంటే నెలనెలా వేలూరొచ్చి కంట్లో సూది వేయించుకోవాలని, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. మొదటి రెండు మాటలకూ లోకనాథ్ తలూపాడు. మూడోదానికి కిటికీలోంచి బయటికి చూశాడు.

కారుకు ముసుగు పడింది. ముసుగైతే పడింది గానీ శుక్రవారం శుక్రవారం దాన్ని తీసి, కడిగి, తుడిచి, సీటు కింది ఇనపకమ్మికి నూనె వేసి, డ్రైవరు సీట్లో పదినిమిషాలు కూర్చునేవాడు లోకనాథ్. కారు కదలదు. చెయ్యి మాత్రం స్టీరింగు మీద ఉంటుంది. ఆయన కాళ్ళకు తగ్గట్టు ఆ సీటు పట్టాల మీద చిట్టచివరికి, వెనక్కి జరిపి ఉంది. ఇంట్లో ఎవరూ దాన్ని జరపలేదు. జరపొద్దని ఆయన అననూ లేదు. కొన్ని మాటలు ఇంట్లో అనకుండానే చట్టమవుతాయి.

సూది కోసం రెండుసార్లు బస్సులో వెళ్ళారు. బస్సెక్కడం ఆలస్యం, కండక్టరు "ఏందన్నా, మీరు టికెట్టు సీట్లో కూర్చున్నారు?" అనేవాడు. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు తల బయటపెట్టి అదే అడిగేవాడు. వేలూరు చేరేలోపల కంటి కథ నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. మూడోసారి లోకనాథ్ మంచం దిగలేదు.

"బస్సు వద్దంటే టాక్సీ పిలుస్తా" అంది ఉమామహేశ్వరి.

"నా కారుండగా బాడుగ కారా?"

"అయితే మన కారుకే ఒక డ్రైవర్ని పెడదాం."

"నా సీట్లో ఇంగొకడు కూర్చునేదా?"

ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తకుండా అడిగింది. "నేను కూర్చుంటే?"

లోకనాథ్ నవ్వాడు. మూడు నెలల్లో అదే మొదటి నవ్వు. "నువ్వా? ముందు నీకు రోడ్డు కనబడల్ల గదే!"

ఆ నవ్వునే ఆమె ఒప్పుకోలు కింద రాసేసుకుంది.

నేర్పింది జెన్సి. తొరపాడి పిల్ల, గుడియాత్తం కోడలు, డ్రైవింగ్ స్కూల్లో పని. మొదటిరోజు స్కూలు కారు వీధిలోకి రాగానే ఉమామహేశ్వరి చెప్పులు విప్పి రోడ్డు పక్కన జతగా పెట్టింది. ఎక్కి, స్టీరింగును రెండు చేతులా తాకి కళ్ళకద్దుకుంది. మగ్గం ఎక్కేటప్పుడు పాతికేళ్ళు చేసింది అదే. చేతులకూ కాళ్ళకూ ఇది వేరే పని అని ఎవరూ చెప్పలేదు. గంట తర్వాత వచ్చి చూస్తే ఎడమ చెప్పు లేదు. వీధికుక్క ఎత్తుకుపోయింది. ఇరవై రోజుల శిక్షణలో ఇలా మూడు జతలు పోయాయి.

"అమ్మా, చెప్పులు కార్లో పెట్టుకోవచ్చమ్మా" అంది జెన్సి.

"తెలుసు పాపా. నాకి తెలుసు, కాళ్ళకే తెలీదు."

అయితే ఆ కాళ్ళకు తెలిసింది మరొకటుంది. గుంటమగ్గంలో ఒక తొక్కుడుకర్ర దిగితే ఇంకొకటి లేస్తుంది. క్లచ్చి మీద కాలు లేస్తుంటే యాక్సిలరేటరు మీద కాలు దిగాలని జెన్సి చెప్పబోయేసరికి, కారు మంచం మీది పసిబిడ్డలా మెత్తగా కదిలిపోయింది.

"ఇంతేగదా?" అంది ఉమామహేశ్వరి. జెన్సి నోరు తెరుచుకుని కూర్చుంది.

చిక్కు సొంత కారులో వచ్చింది.

ముసుగు తీసి ఎక్కి కూర్చుంటే, స్టీరింగు ఎక్కడో దూరంగా చుట్టాలింట్లో ఉన్నట్టుంది. కాలు చాపితే బొటనవేలు క్లచ్చిని పలకరించి వచ్చేస్తుంది. జెన్సి వంగి సీటు కింద కమ్మి కోసం వెతికింది. ఉమామహేశ్వరి ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"వద్దు పాపా. అది ముట్టొద్దు."

"ముందుకు జరపాలమ్మా! మడమ నేలకాని, క్లచ్చి చివరిదాకా తొక్కినా మోకాలు రవ్వంత మడిచే ఉండాల. వీపు సీటుకానాల. చేతులు చాపితే మణికట్లు స్టీరింగు మీద పడాల. అదీ కూర్చునే పద్ధతి."

"అట్లే కూర్చుంటా. సీటు మాత్రం ఆడనే ఉండనీ."

అరుగు మీద లోకనాథ్ పేపరు చదువుతున్నాడు. పేపరు తలకిందులుగా ఉందని జెన్సికి కనిపించింది గానీ, ఎందుకో అర్థం కాలేదు.

అప్పట్నుంచి దిండ్లు మొదలయ్యాయి. వీపు వెనక రెండు, కింద ఒకటి. దిండు జారుతోందని దాని మీద మడిచిన లుంగీ, లుంగీ జారుతోందని దాని మీద పీట. పీటతో ఎత్తు వచ్చిందిగాని కాలు మరింత దూరమైంది. పీట తీస్తే కాలు అందింది, రోడ్డు పోయింది. స్టీరింగు చట్రం సందులోంచి ఆమె లోకాన్ని చూస్తూ నడుపుతుంటే, బయటివాళ్ళకు ఒక కొప్పు తప్ప ఏమీ కనిపించేది కాదు. మూడోవీధి మలుపులో ఇడ్లీలమ్మే పొన్నమ్మ గంటె కింద పెట్టి, "అప్పా లోకనాథా! నీ కారు దానంతటది పోతా ఉండాదే!" అని అరిచింది. మర్నాటికి దానికి 'ఆళ్ళేని కారు', మనిషి లేని కారు అని పేరు పడింది. సీటు ముందుకు జరుగుతుందని పాపం ఆమెకు తెలీదని వీధంతా జాలిపడింది. నలుగురైదుగురు వచ్చి చెప్పిపోయారు కూడా. ఆమె అందరికీ, "అట్లనా? నాకి తెలీనే తెలీదే!" అని కళ్ళు పెద్దవి చేసింది.

టెస్టు రోజు లోకనాథ్ వెనకసీట్లో కూర్చున్నాడు. జెన్సి పక్కన. ఉమామహేశ్వరి నడుపుతూ మైదానం చేరింది, దిగింది. చెప్పులు ఇంటిముందే వదిలేశానని అప్పుడు గుర్తొచ్చింది.

ఇన్‌స్పెక్టరు గోవిందసామి కాగితాల మీంచి చూపు దించి ఆమె కాళ్ళ దగ్గర ఆపాడు. "చెప్పులేవమ్మా?"

"వీధిలో ఉండాయి సార్."

"ఏ వీధిలో?"

"మా వీధిలో."

వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వి, కారెక్కింది. ముందుకు బాగానే పోయింది. మలుపూ తిరిగింది. గట్టెక్కి ఆగి, మళ్ళీ కదలాలి. అక్కడ క్లచ్చిని చివరిదాకా తొక్కడానికి కిందికి జారింది. వీపు వెనక దిండు పైకి లేచి భుజం మీంచి తొంగిచూసింది. రెండోది స్టీరింగుకీ పొట్టకీ మధ్య ఇరుక్కుంది. కారు రెండు ఎక్కిళ్ళు ఎక్కి ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే కార్లో దిండ్లే ఉన్నాయి, మనిషి లేదు.

గోవిందసామి నవ్వాపుకుంటూ వచ్చాడు. లోకనాథ్ కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, నీకు నడపడం వచ్చు. కూర్చోడమే రాలేదు. ఆ సీటు ముందుకు జరుపుకోకూడదా?"

ఉమామహేశ్వరి మొగుడి వైపు చూడలేదు. దిండు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. "జరగదు సార్. కింద కమ్మి తుప్పుపట్టి బిగుసుకుపోయింది."

"తుప్పు వదిలించి వారం తర్వాత రా" అని ఆయన కాగితం మీద కొట్టేశాడు.

తిరుగుదారిలో జెన్సి నడిపింది. పొడుగుపిల్ల, సీటుతో ఆమెకు పని పడలేదు. వెనకసీట్లో లోకనాథ్ చూపు ఆ సీటు కిందే ఉంది. తుప్పట! శుక్రవారం శుక్రవారం తన చేత్తో నూనె వేసిన కమ్మికి! నూనె వేసేటప్పుడు గిన్నె పట్టుకుని పక్కన నిలబడేది ఎవరు?

ఇంటికొచ్చేసరికి డాక్టరమ్మ దగ్గర్నుంచి ఫోను. ఒక సూది తప్పింది, పదిరోజుల్లో రాకపోతే ఎడమకంటికి తాను పూచీ కాదంది. ఉమామహేశ్వరి ఫోను పెట్టేసి, వంటింట్లోకిపోయి చాలాసేపు గిన్నెలు తోమింది. కడిగినవే మళ్ళీ తోమింది.

మర్నాడు పొద్దున ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని వస్తే లోకనాథ్ మగ్గం గదిలో ఉన్నాడు. మగ్గం ఆడక ఏళ్ళయింది. గుంట మాత్రం ఉంది. ఆయన దాని అంచున కూర్చుని కాళ్ళు లోపల పెట్టాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టున్నాయి.

"ఈ గుంట మా నాయన తొవ్వుకున్నప్పుడు ఇంత పైకి లేదు" అన్నాడు.

"లేదు" అంది ఆమె. "నేనొచ్చినాక ఆయనే మన్ను పోసినాడు. నా కాళ్ళు అందలేదని."

"ఆయన కాళ్ళు గూడా నా మాదిరే గదా. మళ్ళ ఆయన యాడ కూర్చున్నాడు?"

"దీంట్లోనే, మోకాళ్ళు పక్కకేసుకుని. నేను అలిసిపోతే నేసేవాడు. వద్దు మామా అంటే, 'మనిషికి తగినట్టు గుంట ఉండాల గానీ, గుంటకు తగినట్టు మనిషిని యాడ తెచ్చేదమ్మా' అన్నాడు."

లోకనాథ్ కాఫీ తాగాడు. గ్లాసు గుంట అంచున పెట్టి లేచాడు. బయటికి పోయి కారు ముసుగు తీశాడు. తలుపు తీసి, కమ్మి పైకి లాగి, సీటు వీపు మీద అరచెయ్యి ఆనించి తోశాడు. పదహారేళ్ళ పిల్ల ఉయ్యాల ఊగినట్టు, సీటు చప్పుడు లేకుండా జారుకుంటూ ముందుకొచ్చి టక్కున ఆగింది.

"తుప్పా ఇది?" అన్నాడు.

ఆమె మూతి బిగించి నవ్వాపుకుంది.

"ఎంత పెద్ద అబద్ధమే, గవర్నమెంటు ఆఫీసరు ముందర! రా, కూర్చో."

కూర్చుంది. దిండ్లు లేవు. ఒకే ఒక గట్టి మెత్త కింద. లోకనాథ్ నేల మీద గొంతుక్కూర్చుని ఆమె మడమ పట్టుకుని క్లచ్చి కింద ఆనించాడు. "తొక్కు. మోకాలు వంగిందా? రవ్వంత ముందుకు. ఇంగ తొక్కు. వీపు ఆనిందా? చేతులు చాపు." ఒక్కొక్క గాడి ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు జరిపాడు. అద్దాలు తిప్పాడు. డ్యూటీ దిగే ప్రతి బస్సు డ్రైవరూ తన తర్వాతివాడికి సీటు అప్పగించే తీరు అది, ముప్పై ఏళ్ళు తానూ చేసిందే. ఆయనకు ఇన్నాళ్ళూ గుర్తు రాలేదు.

"రోడ్డు కనబడతా ఉండాదా?"

"పొన్నమ్మ ఇడ్లీ గుండాన్లో ఎన్ని గుంటలుండాయో కూడా కనబడతా ఉండాది."

వారం తర్వాత గోవిందసామి ఎదురుగా ఆమె గట్టెక్కి ఆగి, ఒక్క ఎక్కిలి లేకుండా కదిలింది. సంతకం పెడుతూ ఆయన మళ్ళీ కాళ్ళవైపు చూశాడు. ఖాళీయే. ఏమీ అడగలేదు.

లైసెన్సు చేతికొచ్చాక వేలూరు ప్రయాణం. డాక్టరమ్మ గడువుకు ఇంకా ఒకరోజుంది. ఉమామహేశ్వరి చెప్పులు విప్పి, రోడ్డు పక్కన జతగా పెట్టి, ఎక్కి, స్టీరింగు కళ్ళకద్దుకుంది. లోకనాథ్ పక్కసీటు చిట్టచివరికి వెనక్కి లాగి, కాళ్ళు బారజాపి కూర్చున్నాడు. ఈ కారులో ఇంత సుఖమైన చోటు ఒకటుందని ఆయనకు ఇప్పటిదాకా తెలియదు.

"ఎడమ పక్క అంతా నాది" అన్నాడు. "నాకి ఆ కన్నే గదా ఉండేది. కుడి నువ్వు చూసుకో."

లత్తేరి దగ్గర బస్సు ఒకటి ఆగి ఉంది. మెట్ల మీది కండక్టరు సుబ్రమణి గుర్తుపట్టి, "అన్నా! ఏంది, పక్కసీట్లో పోతా ఉండారు?" అని కేకేశాడు.

ఉమామహేశ్వరి బస్సు పక్కనే కారు ఆపింది. ఇదిగో, మొదలైంది అనుకుంది.

లోకనాథ్ తల బయటపెట్టాడు. "ప్రమోషనప్పా! ఇప్పుడు నేను కండక్టర్ని!"

బస్సులో జనమంతా నవ్వారు. సుబ్రమణి వంగి కార్లోకి చూసి, మళ్ళీ చూసి, "ఒళ్ళో ఏందన్నా అవి?" అన్నాడు.

ఉమామహేశ్వరి అప్పుడు చూసింది. పేపర్లో చుట్టి, పైనుంచి మడమలు కనిపిస్తూ, ఆమె చెప్పులు. కారెక్కే ముందు ఆయన ఎప్పుడు తీసుకున్నాడో ఆమెకు తెలియదు.

"లగేజీ" అన్నాడు లోకనాథ్. ఇక పోదామని కండక్టర్లు ముప్పై ఏళ్ళు వెనకనుంచి అరిచిన అరవమాటను ఇప్పుడు తానే గొంతెత్తి అంటూ, కారు తలుపు మీద రెండుసార్లు చరిచాడు.

"పోలాం, రైట్!"