మూడుసార్లు అడిగితే గాని మీట నొక్కని మెతోదీ

కోటెల్ ఊళ్ళో మెతోదీ అంత పిరికివాడు ఇంకొకడు లేడని ఊరంతా ఒప్పుకుంటుంది. ఆయనకు పాములంటే భయం లేదు, చీకటంటే భయం లేదు. మీటలంటేనే భయం. ఏ మీటైనా సరే, దాని సొంతదారుని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ సరేననిపించుకున్నాకే వేలు ఆనిస్తాడు. ఎవరింటికైనా వెళితే గుమ్మం ముందు నిలబడి, "బెల్లు నొక్కమంటారా?" అని కేకేస్తాడు. ఆ కేకకే తలుపు తెరుచుకుంటుంది కాబట్టి బెల్లు నొక్కే అవసరం ఇంతవరకూ రాలేదు. గుళ్ళో కొవ్వొత్తి వెలిగించే ముందు కూడా పటంలోని నికోలా పునీతుడి వైపు చూసి పెదవులు కదుపుతాడు. కొత్తవాళ్ళు ప్రార్థన అనుకుంటారు. అనుమతి అడుగుతున్నాడని ఊరివాళ్ళకు తెలుసు.

ఇంతటి పిరికివాడు చేసే పని కంప్యూటర్లు బాగుచేయడం. సినిమాహాలు మూతపడేదాకా రెండు ప్రొజెక్టర్ల మధ్య బొమ్మ తెగకుండా నడిపించిన మనిషి. ఆ తర్వాత ఒకే కంప్యూటర్లో దాన్ని నడిపే వ్యవస్థలు రెండు పెట్టడం నేర్చుకున్నాడు. పాతది పాతదిగానే ఉంటుంది, పక్కన కొత్తది చేరుతుంది. మిషను వేయగానే ఏది కావాలో అది ఎంచుకోవచ్చు.

వేలిచ్కాకు కావలసింది సరిగ్గా అదే. ఆమె ఎంబ్రాయిడరీ మిషనుతో జానపద నాట్య బృందాలకు, పావడా మీద కట్టుకునే పూల ఏప్రన్లు కుట్టి అమ్ముతుంది. ఆ మిషనును నడిపే ప్రోగ్రాము ఆమె కంప్యూటర్లోని పాత విండోస్‌లో తప్ప ఇంకెక్కడా బతకదు. తయారుచేసినవాళ్ళు దుకాణం కట్టేశారు, దాని సీడీ రెండు ముక్కలైంది. అత్తగారు త్సోనా కళ్ళు బాగున్న రోజుల్లో ఒక్కో కుట్టూ గీసిపెట్టిన పువ్వులు, పిట్టలు, దానిమ్మపళ్ళు ఆ ప్రోగ్రాములోనే తెరుచుకుంటాయి. ఇప్పుడామె కళ్ళకు పొర కమ్మింది. మళ్ళీ గీయడం కుదరదు. అంత పాతదానితో ఇంటర్నెట్టులోకి వెళ్ళడం ప్రమాదం, ఆర్డర్లేమో అక్కడే వస్తాయి. పక్కన లినక్స్ అనే కొత్త వ్యవస్థ పెట్టుకుంటే ఆర్డర్లు అందులో, కుట్లు ఇందులో. కానీ పెట్టేటప్పుడు పాతది పోతే? ఆ ఆలోచన మొదలైనప్పటినుంచి వేలిచ్కాకు పెరుగు కూడా గొంతు దిగడం లేదు.

శనివారం మధ్యాహ్నం వీధిలోంచి, "బెల్లు నొక్కమంటారా?" అని కేక వినబడింది.

మెతోదీ పండగ కోటు వేసుకుని వచ్చాడు. ముందుగా బొమ్మలన్నిటికీ నకలు తీశాడు. ఆ నకలు మీద నమ్మకం చాలక దానికీ ఓ నకలు తీశాడు. తర్వాత నిట్టూర్చి, "బొమ్మలు భద్రం అమ్మాయ్. వాటిని తెరిచే ప్రోగ్రామే వేరేచోట బతకదు. పెట్టెలు పదిలంగా ఉన్నాయి, తాళంచెవి మాత్రం ఇక్కడే ఉంది" అన్నాడు.

వేలిచ్కా కుర్చీ ఆయన పక్కకు జరుపుకుంది.

"ఇప్పుడు పాతదాన్ని కాస్త సర్ది కొత్తదానికి చోటు చెయ్యాలి. నొక్కమంటావా?"

కోటెల్లో తల అడ్డంగా ఊపితే సరేనని, నిలువుగా ఊపితే వద్దని. భయంలో వేలిచ్కా తల అడ్డంగా మొదలై నిలువుగా తిరిగి గుండ్రంగా ముగిసింది.

"ఇది ఏ ఊరి జవాబమ్మా?" అన్నాడాయన. దాన్ని లెక్కలోంచి తీసేసి మళ్ళీ మొదటినుంచి అడిగాడు. ఈసారి సరేనంది. రెండోసారీ మూడోసారీ అడిగాడు. రెండుసార్లూ సరేనంది. అప్పుడాయన చెయ్యి చాచి, మీటకు జానెడు దూరంలో ఆపి, "చూడు, వేలు ఎట్లా వణుకుతోందో. నావల్ల కాదు" అన్నాడు.

వేలిచ్కాకు ఒళ్ళు మండింది. "వైద్యుడే మూర్ఛపోతే రోగి ఎక్కడికి పోవాలి బాబాయ్?" అంది. ఆ విసురులోనే ఆయన చెయ్యి పక్కకు తోసి తనే నొక్కింది. నొక్కాక గాని తానేం చేసిందో తెలియలేదు.

తెర మీద సన్నని గీత ఒకటి కుడివైపుకు నత్తలా పాకడం మొదలుపెట్టింది. అది చివరికి చేరేదాకా కరెంటు పోకూడదనీ, పోతే పాతదీ కొత్తదీ రెండూ దక్కకపోవచ్చనీ మెతోదీ చెప్పాడు. అంతటితో ఊరుకోకుండా, ఉరుము వినబడిందా అని అడిగాడు. ఆకాశం అద్దంలా ఉంది. మీ ఇంటి ఫ్యూజు ఎవరు వేశారని అడిగాడు. ఎలుకలున్నాయా అని అడిగాడు. పుట్టెడు భయం ఆయనే పడుతుంటే, ఆయనను సముదాయించడంతోనే వేలిచ్కాకు సరిపోయింది. ఆ సందులోనే దేవమాతకు తన చేతికుట్టు గుడ్డ ఒకటి మొక్కుకుంది.

లోపల అత్తగారికి కాళ్ళు నిలవలేదు. ఇంట్లో పరీక్షైనా ప్రయాణమైనా గడప మీద నీళ్ళు ఒలకబోయనిదే ఆమె ఎవరినీ కదలనివ్వదు. పని నీళ్ళు పారినట్టు సాగాలి కదా. ఈ పనికి ఒలకబోయడం మరిచామని గుర్తొచ్చి, రాగి చెంబు నిండా నీళ్ళు తెచ్చి, గదిగుమ్మంలో పెట్టి, దేవుణ్ణి తలుచుకుని, కుడికాలితో ఆప్యాయంగా తన్నింది.

అది పాత కొయ్య ఇల్లు. నేల కిటికీ వైపుకు వాలింది. కిటికీ కింద బల్ల, బల్ల కింద ప్లగ్గుల పెట్టె. నీళ్ళు తడుముకోకుండా దాని దారే పట్టాయి. వేలిచ్కా చూసింది. కేక వేసేలోపే నీళ్ళు బల్ల దగ్గరికి చేరుతున్నాయి.

మెతోదీ ఎవరినీ ఏమీ అడగలేదు. పండగ కోటు విప్పి నీళ్ళకు అడ్డంగా పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, వైర్లు ఒక్కటీ కదలకుండా ప్లగ్గుల పెట్టెను పైకెత్తి పట్టుకున్నాడు. గీత చివరికి చేరేదాకా అలాగే కూర్చున్నాడు. కోటు తాగగలిగినంత తాగింది, మిగిలిన నీళ్ళు ఆయన మేజోళ్ళు తాగాయి. వేలిచ్కా చూపు మాత్రం ఆ చేతుల మీదే ఉండిపోయింది. అవి రాయిలా ఉన్నాయి. వణుకు మచ్చుకైనా లేదు.

"ఏమైంది? ఏమైనా చెడగొట్టానా?" అంది అత్తగారు, గుమ్మం పట్టుకుని.

"లేదు వదినా. మీ నీళ్ళ చలవే, పని సాఫీగా సాగిపోయింది. ఈ కోటు కూడా ఎన్నాళ్ళనుంచో ఉతుకు కోసం చూస్తోంది."

మిగతా పనికి మళ్ళీ అడగడాలు, మళ్ళీ సరేనడాలు అయ్యాయి. ఆఖరున కంప్యూటరు ఆగి, తిరిగి లేచింది. నల్లటి తెర మీద రెండు పేర్లు వచ్చాయి. పైన కొత్తది, కింద పాతది. పాతది నిజంగా బతికుందో, పేరే మిగిలిందో తెరిస్తే గాని తెలియదు. 

"నొక్కమంటావా?" అన్నాడు మెతోదీ. మీట దగ్గరికి రాగానే వేలు మళ్ళీ వణకడం మొదలుపెట్టింది.

వేలిచ్కా ఆ వేలి వంక చూసింది, తడిసిన మేజోళ్ళ వంక చూసింది. 

"జరగండి బాబాయ్. మీకెందుకు ఈ అవస్థ?" అని కింది పేరు ఎంచుకుని నొక్కింది.

తెర కాసేపు నల్లగా ఉండి, ఆపైన వెలిగింది. ప్రోగ్రాము తెరుచుకుంది. దానిమ్మపండు తొడిమతో సహా వచ్చి కూర్చుంది. అత్తగారు తెరకు ముక్కు ఆనించి చూసింది.

"ఎర్రగానే ఉందా అమ్మా?"

"ఎర్రగానే ఉంది అత్తయ్యా."

కోటు ఉతికి ఇస్తానని వేలిచ్కా పట్టుబట్టి ఉంచుకుంది. ఆరాక లోపలి మడతలో, ఆయనను ఒక్కసారి కూడా అడక్కుండా, చిన్న దానిమ్మపండు కుట్టింది.

దాన్ని ఇస్త్రీ చేస్తుండగా పక్కింటి కీనా వచ్చింది. పోయిన భర్త ఫొటోలన్నీ ఆమె కంప్యూటర్లో ఉన్నాయి, అది ఈమధ్య మొరాయిస్తోంది. "ఆ మెతోదీ ఉత్త పిరికి మనిషటగా. అసలే నాకు గుండెదడ. ఆయన చేతుల్లో పెట్టొచ్చంటావా?" అని అడిగింది.

వేలిచ్కా తల అడ్డంగా ఊపింది.

"నిశ్చింతగా పెట్టండి పిన్నీ. కాకపోతే మీటలంటే ఆయనకు ప్రాణం పోతుంది, పాపం. అవి మాత్రం మీరే నొక్కాలి."